మూడేళ్ల ఎనిమిది నెలల పాపను సినిమా హాలుకు తీసుకెళ్లవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. పాపకు మూడేళ్ల ఎనిమిది నెలలు. ఇంట్లో ఫోనులో పాటలు, బొమ్మల కథలు గంటసేపు కదలకుండా చూస్తుంది. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ కలిసి కొత్త సినిమాకు వెళ్లాలనుకుంటున్నారు. "మా పిల్లలను ఆరో నెలలోనే తీసుకెళ్లాం, ఏమైంది?" అని మీ అత్తగారు అంటున్నారు. మీకు మాత్రం మనసు ఒప్పడం లేదు. పిల్లలను ఏ వయసు నుంచి హాలుకు తీసుకెళ్లవచ్చో చెప్పమని అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. మూడేళ్లలోపు పిల్లలను అసలు తీసుకెళ్లవద్దు. నాలుగున్నర, అయిదేళ్లు వచ్చాక, గంటన్నర లోపు ముగిసే పిల్లల సినిమాను పగటిపూట ఆటలో చూపించి మొదలుపెట్టండి. రెండున్నర గంటల మామూలు తెలుగు సినిమా మొత్తం కూర్చోబెట్టి చూపించడానికి ఆరేడేళ్లు రావాలి. మీ పాపను ఈ సంక్రాంతికి, అందులోనూ విడుదలైన మొదటి మూడు రోజుల్లో, తీసుకెళ్లవద్దనే నా సలహా. అయితే ఈ వయసులన్నీ ఉజ్జాయింపు లెక్కలే. ఎన్నేళ్లు నిండాయన్న దాని కంటే, పాప "వెళ్లిపోదాం" అన్న నిమిషంలో టికెట్ డబ్బు గురించి ఆలోచించకుండా లేచి రావడానికి మీరు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. ఎందుకో కింద వివరిస్తాను.

నేను వైద్యుణ్ని కాను. గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో పాతకాలపు హాలులో బుకింగ్ గుమస్తాగా చేరి, మేనేజరునై, ఆ తర్వాత విజయవాడలో ఒక మల్టీప్లెక్సులో పనిచేసి, మొత్తం ఇరవై ఎనిమిదేళ్లు సినిమా హాళ్లలోనే గడిపాను. తలుపు దగ్గర నిలబడి, ఏడుస్తున్న పిల్లలను ఎత్తుకుని బయటకు వచ్చే తల్లులను ఆ ఇరవై ఎనిమిదేళ్లూ చూశాను. హాలు లోపల పసిపిల్లలకు ఏమవుతుందో అక్కడ నిలబడే నేర్చుకున్నాను.

మొదట ఫోను సంగతి. ఫోనులో గంటసేపు చూస్తుంది కనుక హాలులోనూ కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రెండింటికీ పోలిక లేదు. ఫోనులో బొమ్మ అరచేతిలో ఉంటుంది. భయం వేస్తే పాప దాన్ని తిప్పేస్తుంది, ఆపేస్తుంది, మీ చేతికి ఇచ్చేస్తుంది. చుట్టూ తన ఇల్లే ఉంటుంది. హాలులో బొమ్మ రెండంతస్తుల ఎత్తున ఉంటుంది, గది చీకటిగా ఉంటుంది, మీ ముఖం పాపకు కనిపించదు, చప్పుడు ముందు నుంచీ పక్కల నుంచీ వెనక నుంచీ వస్తుంది, ఆపే మీట ఎక్కడా ఉండదు. పైగా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదు. ఏడాదికి ఒక్కసారి గీత దాటితే ప్రమాదమని నేను అనను. కానీ ఆ వయసు శరీరం ఎంతసేపు ఓర్చుకోగలదో ఆ లెక్క మీకు చెబుతుంది.

మీ అత్తగారి మాటకు వస్తే, ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆవిడ పిల్లలను తీసుకెళ్లిన రోజుల్లో చప్పుడు తెర వెనక ఉన్న స్పీకర్ల నుంచి మాత్రమే వచ్చేది. వెనక బాల్కనీకి చేరేసరికి దాని జోరు చాలావరకు తగ్గిపోయేది. పంకాలు తిరుగుతుండేవి, పక్క తలుపులు ఓరగా తెరిచి ఉండేవి, పిల్లలు నేల తరగతిలో అటూ ఇటూ తిరిగేవారు, జనం కూడా దాన్ని పట్టించుకునేవారు కాదు. ఇప్పటి హాలు అది కాదు. గోడల పొడవునా, వెనక గోడ మీద, కొన్నిచోట్ల పైకప్పుకు కూడా స్పీకర్లు ఉంటాయి. తెర కింద ఉండే సబ్‌వూఫర్ల మోత చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. ఈ మాట ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. హాలే మారిందని తెలిస్తే, తన పెంపకాన్ని తప్పుపడుతున్నారని ఆవిడ అనుకోరు.

చప్పుడు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది దాని గురించే. ప్రొజెక్షన్ గదిలో ధ్వనిని పెంచే తగ్గించే ఒక ఫేడర్ ఉంటుంది. సినిమాలో శబ్దాలు కూర్చేవారు ఏ స్థాయిలో వింటూ కూర్చారో ఆ స్థాయి మీద 7 అని అంకె ఉంటుంది. 7 మీద పెట్టి నడిపితే తెర వెనక ఉన్న ఒక్కో ప్రధాన స్పీకరు గరిష్ఠంగా 105 డెసిబెళ్ల (చప్పుడు జోరుకు కొలత) వరకు వెళ్లేలా ఆ వ్యవస్థను తయారుచేస్తారు. సాధారణంగా మేము అంతకు తగ్గించి, 5 చుట్టుపక్కల నడిపేవాళ్లం. కానీ పెద్ద హీరో సినిమా మొదటి రోజు అభిమానులు "సౌండ్ పెంచండి" అని ఆపరేటర్ గది తలుపు బాదేవారు, ఆపరేటర్ ఒక అంకె పెంచేవాడు. హాలు మధ్యలో మీటరు పట్టుకుని నేను చూసిన మేరకు పోరాటాల్లో, పాటల్లో 90 డెసిబెళ్లు దాటడం మామూలే. ఈలలు, కేకలు దానికి అదనం.

చెవికి పెట్టుకుని వినే పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి పెద్దలకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 90 డెసిబెళ్ల దగ్గర పిల్లలకు వారానికి దొరికేది గంటంపావు. సినిమా అంతా అదే స్థాయిలో ఉండదు, మాటల సన్నివేశాలు చాలా తగ్గి ఉంటాయి, కనుక ఒక్క సినిమాతో చెవులు చెడిపోతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే పసిపిల్లల చెవి కాలువ చిన్నది కావడం వల్ల కీచుమనే శబ్దాలు వారికి మనకంటే గట్టిగా తగులుతాయి. అలాంటప్పుడు ఆరు నెలల బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని "నిద్రపోతున్నాడు, వాడికేం తెలుస్తుంది" అనడం సరికాదు. నిద్రలో కళ్లు మూసుకుంటాయి గానీ చెవులు మూసుకోవు. చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు పిల్లల కొలతల్లో దొరుకుతున్నాయి. నాలుగైదేళ్ల పిల్లలకు మొదటిసారి అవి వెంట తీసుకెళ్లండి. చెవిలో దూది పెడితే సరిపోతుందని అనుకోవద్దు, దాని వల్ల తగ్గేది చాలా స్వల్పం.

ఇప్పుడు భయం సంగతి. ఇది మా ఇంట్లో జరిగింది. మా అబ్బాయికి మూడేళ్లు దాటిన కొత్తలో, మేనేజరు కొడుకు కదా అన్న ధైర్యంతో, ఒక సాయంత్రం వాణ్ని బాల్కనీలో మా ఆవిడ పక్కన కూర్చోబెట్టి నేను కింద లెక్కలు చూసుకుంటున్నాను. కుటుంబ కథాచిత్రం, సర్టిఫికెట్ కూడా ‘యు’. ఒక సన్నివేశంలో చిన్నపిల్లవాడు జాతరలో తల్లి చేయి వదిలి తప్పిపోతాడు. కొట్లాట లేదు, నెత్తురు లేదు. మావాడు ఏడవలేదు కూడా. తల్లి చీర కొంగును రెండు పిడికిళ్లతో పట్టుకుని, సినిమా అయ్యేదాకా వదలలేదు. ఇంటికి వచ్చాక కూడా మా ఆవిడ కొంగు వేళ్లు విప్పితేగాని రాలేదు. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు చీకటి గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే. "ఏడవలేదు కదా" అని నేను తృప్తిపడ్డాను. పసిపిల్లలు భయపడితే ఏడుస్తారని మనం అనుకుంటాం గానీ, బాగా భయపడినవాళ్లు చాలాసార్లు బిగుసుకుపోతారు.

అప్పటి నుంచి నేను గమనించినది ఏమిటంటే, అయిదారేళ్ల లోపు పిల్లలు చూపుకు భయంకరంగా ఉన్నదానికి భయపడతారు: మారిపోయే ముఖం, పెద్ద నోరు, ఒక్కసారిగా వచ్చే అరుపు. అది నటన అని ఎన్నిసార్లు చెప్పినా ఆ క్షణంలో వారికి పనికిరాదు. ఏడెనిమిదేళ్లు వచ్చాక దయ్యం ఉత్తిదని తెలుస్తుంది, కానీ అప్పుడు నిజంగా జరగగల విషయాలు భయపెడతాయి: అగ్నిప్రమాదం, దొంగలు, రోడ్డు మీద ప్రమాదం. అన్ని వయసుల వారినీ కుదిపేది మాత్రం తల్లికో తండ్రికో ఏదైనా జరగడం. మన సినిమాల్లో కథానాయకుడి గతం చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌లో తల్లిదండ్రులను కళ్లముందే చంపే సన్నివేశం ఎంత తరచుగా వస్తుందో మీకు తెలుసు. సినిమా ఎంచుకునేటప్పుడు ఎన్ని ఫైట్లు ఉన్నాయని కాకుండా, "ఇందులో అమ్మకో నాన్నకో ఏమైనా అవుతుందా?" అని ముందే చూసినవారిని అడగండి.

సర్టిఫికెట్ గురించి రెండు మాటలు. ‘యు’ అంటే వయసు ఆంక్ష లేదని అర్థమే తప్ప, పిల్లల కోసం తీశారని అర్థం కాదు. గతంలో ‘యుఎ’ అని ఒక్కటే ఉండేది. 2024లో వచ్చిన నిబంధనలు దాన్ని ‘యుఎ 7+’, ‘యుఎ 13+’, ‘యుఎ 16+’ అని మూడుగా విడదీశాయి. ఇవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలు. ఈ వయసు లోపు పిల్లలను గేటు దగ్గర ఆపే అధికారం వీటి వల్ల హాలువారికి రాదు, నిర్ణయం మీదే. ‘ఎ’ సర్టిఫికెట్ అలా కాదు, అది పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే. టికెట్ కొనేముందు పోస్టరు మీదో బుకింగ్ యాప్‌లోనో ఈ గుర్తు చూడటానికి అర నిమిషం పడుతుంది. అది చూడకుండా వచ్చి గేటు దగ్గర మాతో వాదించినవారు లెక్కలేనంతమంది.

అయితే సినిమాను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, సినిమాకు ముందు వచ్చేదాన్ని మీరు ఎంచుకోలేరు. 2012 నుంచి, పొగాకు వాడే సన్నివేశాలున్న సినిమాలకు మొదట్లో, మధ్యలో ఆరోగ్య హెచ్చరిక చిత్రాలు తప్పనిసరిగా వేయాలి. పెద్దలకు అవి అవసరమే. కానీ ఆసుపత్రి మంచం మీది రోగిని, నోటి పుండ్లను అంత పెద్ద తెర మీద చూసి నాలుగేళ్ల పిల్లలు ముఖం దాచుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. రాబోయే సినిమాల ట్రైలర్లదీ అదే తీరు. రెండు నిమిషాల్లో మొత్తం సినిమాలోని చప్పుడంతా వినిపిస్తారు. కాబట్టి చిన్నపిల్లలతో వచ్చినప్పుడు వేళకు కాకుండా పది నిమిషాలు ఆలస్యంగా లోపలికి వెళ్లండి. విశ్రాంతి ముగిశాక కూడా ఒక రెండు నిమిషాలు బయటే ఉండండి.

ఆట ఎంపిక కూడా సినిమా ఎంపికంత ముఖ్యం. మొదటి రోజులు, బెనిఫిట్ షోలు, ప్రీమియర్లు పిల్లలకు పూర్తిగా నిషిద్ధమని నా గట్టి అభిప్రాయం. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక ప్రీమియర్ ప్రదర్శన వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు కోల్పోయారు, ఆమె కుమారుడు చావుబతుకుల మధ్యకు వెళ్లాడు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే గుంపు తోసుకొచ్చేటప్పుడు గేటు దగ్గర ఏమవుతుందో నాకు తెలుసు. పెద్దల నడుము ఎత్తు ఉన్న పిల్లకు ఆ గుంపులో గాలి కూడా ఆడదు. ఆ తర్వాత 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్లలోపు పిల్లలను ఉదయం 11 గంటలకు ముందు, రాత్రి 11 తర్వాత ఆటలకు అనుమతించవద్దని చెప్పి, మార్చిలో ఆ ఆంక్షను సడలించింది. ఆంక్ష ఉన్నా లేకున్నా మీరు మీ ఇంట్లో దాన్ని పాటించండి. రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నిద్ర ముంచుకొచ్చే పిల్లకు అప్పుడు ప్రతి చప్పుడూ భయమే. రెండో వారంలో, పనిరోజున, మ్యాట్నీకి వెళ్లండి. జనం పలుచగా ఉంటారు, ఆపరేటరు కూడా ధ్వని తగ్గించి నడుపుతాడు. చలి ఎక్కువగా ఉందనో చప్పుడు ఎక్కువగా ఉందనో మేనేజరుకు చెబితే వినిపించుకునే తీరిక కూడా అప్పుడే ఉంటుంది.

కూర్చునే చోటు విషయంలో మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. తెరకు దూరంగా, గోడల మీది స్పీకర్లకు మరీ దగ్గర కాకుండా, మెట్ల దారికి ఆనుకుని ఉన్న సీటు తీసుకోండి. మామూలు హాలు కుర్చీ బరువు లేకపోతే దానంతటదే ముడుచుకునే రకం. పదిహేను కిలోల పిల్ల వెనక్కి జరిగి కూర్చుంటే కుర్చీ ఆ పిల్లతో సహా ముడుచుకుంటుంది, కాళ్లు గడ్డానికి తగులుతాయి. నవ్వులాటగా కనిపించినా, చీకట్లో అది జరిగిన పిల్ల మళ్లీ ఆ కుర్చీ ఎక్కదు. వెనకకు వాలే రిక్లైనర్ సీట్లలో కాలు పెట్టే పలకకూ కుర్చీకీ మధ్య సందు ఉంటుంది. పిల్లలను అందులో ఒంటరిగా కూర్చోబెట్టి మీట వారి చేతికి ఇవ్వవద్దు. ఇక పాప్‌కార్న్: నాలుగేళ్ల లోపు పిల్లలకు అది గొంతుకు అడ్డుపడే ఆహారం. చీకట్లో, నవ్వుతూ తినేటప్పుడు మరీ ప్రమాదం. మీ పాపకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

మొదటిసారి తీసుకెళ్లేముందు చేయవలసిన పని ఒకటుంది, దీన్ని నాకు నేర్పింది ఒక తాతగారు. విశ్రాంత తపాలా ఉద్యోగి. నాలుగేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని ఒక ఉదయం పదింటికి, ఆట మొదలవడానికి చాలా ముందు వచ్చి, "పిల్లకు హాలు చూపించి వెళ్తాం, అయిదు నిమిషాలు చాలు" అని అడిగారు. నేనే దగ్గరుండి లోపలికి తీసుకెళ్లాను. ఊడ్చేవారు వరుసల మధ్య చీపుర్లు పట్టుకుని ఉన్నారు. పాప ఖాళీ తెరను చేత్తో తడిమింది. దాని మీద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, వెనక స్పీకర్ల చప్పుడు రావడానికి. వాటిలో వేలు పెట్టి చూసింది. తాతగారు లైట్లు ఒక్కొక్కటే ఆర్పించి, మళ్లీ వేయించారు. "లైట్లు ఎవరు తీస్తారు?" అని పాప అడిగింది. ఆపరేటర్‌ను పిలిచి చూపించాను. "మళ్లీ వేస్తావా?" అని అతన్ని అడిగింది, వేస్తానన్నాడు. తర్వాతి వారం వాళ్లు సినిమాకు వచ్చినప్పుడు లైట్లు ఆరగానే హాలులో వేరే పిల్లలు ఇద్దరు ఏడ్చారు. ఈ పాప మాత్రం వెనక్కి తిరిగి ప్రొజెక్టరు కిటికీ వైపు చేయి ఊపింది. విశ్రాంతి దాకా చూసి తాతగారే లేచి తీసుకెళ్లిపోయారు. "మిగతా సగం చూడరా?" అని అడిగితే, "దానికి ఇవాళ్టికి ఇది చాలు" అన్నారు. అలా మూడు సినిమాలు సగం సగమే చూపించారు. నాలుగోది పాప మొత్తం చూసింది.

విశ్రాంతికే వచ్చేయడం మొదటి ఒకటి రెండు సార్లకు చాలా మంచి పద్ధతి. కథ సగంలో ఆగిందన్న బాధ మనకే, ఆ వయసు పిల్లలకు ఉండదు. వారికి పాటలు, రంగులు, హాలు, బయట తిన్న ఐస్‌క్రీము గుర్తుంటాయి. ఇంటికి వెళ్లేటప్పుడు ఇంకా చూడాలని ఉన్నప్పుడే బయలుదేరితే, మళ్లీ ఎప్పుడు వెళ్దామని అడుగుతారు.

ఇక లేచి రావడం గురించి. పాప "వెళ్దాం" అన్నా, మీ ఒళ్లోకి ఎక్కి ముఖం దాచుకున్నా, చెవులు మూసుకున్నా, మాటలు మాని బిగుసుకున్నా, వెంటనే లేవండి. "ఇంకో అయిదు నిమిషాలు, పాట వస్తుంది" అనవద్దు. చీకట్లో ఉన్న పిల్లకు అయిదు నిమిషాలంటే ఎంతో తెలియదు, అడిగినా అమ్మ వినలేదన్నది మాత్రం గుర్తుండిపోతుంది. ఒకసారి బయటకు వచ్చి, వసారాలో నీళ్లు తాగించి, మళ్లీ వెళ్దామా అని అడిగి, వద్దంటే ఇంటికి వెళ్లిపోండి. బయటకు తెచ్చినందుకు ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. ఏడుస్తున్న బిడ్డను సముదాయిస్తూ లోపలే కూర్చుంటేనే చుట్టుపక్కలవారు విసుక్కుంటారు. మొదటి సగం కాకుండానే బయలుదేరవలసి వస్తే మేనేజరును ఒకసారి అడిగి చూడండి. నియమం ప్రకారం డబ్బు వెనక్కి రాదు గానీ, ఖాళీ ఆటలో మరోరోజు కూర్చోనిచ్చిన సందర్భాలు నా ఉద్యోగంలో ఎన్నో ఉన్నాయి.

చప్పుళ్లకు మామూలుగానే బెదిరే పిల్లలు, దీపావళి టపాకాయలకు మంచం కింద దూరే పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు అయితే నేను చెప్పిన వయసులను పక్కన పెట్టండి. వారి వైద్యులను, వారికి చికిత్స ఇచ్చేవారిని అడిగి, ఎన్నేళ్లు ఆగమంటే అన్నేళ్లు ఆగండి.

మీ సంక్రాంతికి నా సూచన ఇది. ఈసారి పెద్దలు రెండు జట్లుగా రెండు ఆటలకు వెళ్లండి, పాప దగ్గర ఒక జట్టు ఉండండి. మీ అత్తగారినే మొదటి ఆటకు పంపితే, తిరిగి వచ్చాక ఆ చప్పుడు పాపకు తట్టుకోదగినదో కాదో ఆవిడే చెబుతారు. ఇంట్లో వారానికోసారి, లైట్లు ఆర్పి, ఫోను కాకుండా టీవీలో, మధ్యలో ఆపకుండా నలభై నిమిషాల బొమ్మల కథ ఒకటి చూపించడం మొదలుపెట్టండి. వచ్చే వేసవి సెలవుల నాటికి పాపకు నాలుగేళ్లు దాటుతాయి. అప్పుడు ఒక ఉదయం ఖాళీ హాలు చూపించండి. దసరా సెలవుల నాటికి నాలుగున్నర అవుతుంది. పిల్లల సినిమా ఏదైనా ఆడుతుంటే పనిరోజు మ్యాట్నీకి తీసుకెళ్లండి. చెవులకు మఫ్‌లు, ఏసీ చలికి ఒక శాలువా, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకోండి. లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఉన్న మనిషికి "పాపకు ఇదే మొదటిసారి, మధ్యలో రావలసి రావచ్చు" అని చెప్పి సీటు నంబరు చూపించండి. మీరు లేచి నిలబడగానే అతను టార్చి వేసి మెట్లు చూపిస్తాడు.